నా మీద కూర్చోకండి

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. రంగు ఎరుపు. ఇప్పుడు గులాబీ అంటారు. ఎండ చేసిన పని అది.

అచ్చులో పుట్టాను. ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని లారీలో విశాఖపట్నం వచ్చాం. టెంట్ హౌస్‌లో ఉద్యోగం. పెళ్లిళ్లు, సభలు. కూర్చున్న మనిషి ఓ పట్టాన లేవడని అక్కడే తెలిసింది. ఒక సభలో ఒక పెద్దమనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ నన్ను వెనక కాళ్ల మీద ఊపాడు. ఒక కాలు చీలింది. ఉపన్యాసం మాత్రం ఆగలేదు.

చీలిన నన్ను గోల్ఫ్ మైదానంవాళ్లు తీసుకున్నారు. కోచ్ నా వీపు మీద తెల్లరంగుతో 'కూర్చోవద్దు' అని రాశాడు. కుర్చీకి ఇంతకన్నా అవమానం ఉండదనుకున్నాను. ఉంది.

గోల్ఫ్ ఆడే మనిషి నడుం కాస్త వంచి, మోకాళ్లు సడలించి నిలబడతాడు. కర్ర వెనక్కి ఎత్తి, కిందికి తెచ్చి, బంతిని కొడతాడు. కర్రకి బంతి తగిలేటప్పుడు కూడా ఆ వంపు అలాగే ఉండాలి. చాలామంది సరిగ్గా అప్పుడే నడుం ముందుకి తోసి నిటారుగా లేచిపోతారు. కర్ర కూడా వాళ్లతోపాటే లేస్తుంది. బంతి నెత్తికి చిన్న దెబ్బ తగులుతుంది, అది బొద్దింకలా గడ్డిలో పాకుతుంది. అందుకని నన్ను వెనక పెడతారు. పిరుదులు నా వీపుకి ఆనించి నిలబడాలి. బంతి పోయేదాకా అవి నన్ను వదలకూడదు. అదీ నా ఉద్యోగం. ఈ ఊళ్లో పెద్దవాళ్లని నేను వెనకవైపు నుంచే గుర్తుపడతాను.

అందరికన్నా ఎక్కువగా ఆనింది దాలినాయుడు గారు. కాలవల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. శనివారం శనివారం ఆయనకి దక్షిణామూర్తి గారితో ఆట. దక్షిణామూర్తి గారు ఒకప్పుడు ఆయన పై ఆఫీసరు. నాయుడు గారు ఒక్కసారి కూడా గెలవలేదు. ఒక్కసారి గెలిస్తే చాలు, మర్నాడే కర్ర అటకెక్కిస్తానని కోచ్‌తో అనేవారు. నా దగ్గర చక్కగా కొట్టేవారు. శనివారం వస్తే బొద్దింకే.

ఒక శనివారం ఆయన భార్య సత్యవేణి గారు చూడ్డానికి వచ్చారు. ఆట అయ్యాక నా పక్కన నిలబడి అన్నారు:

"ఏటండీ, దక్షిణామూర్తి గారు దగ్గినప్పుడల్లా లెగిసిపోతన్నారు?"

"ఎవరే?"

"మీరేనండి బాబూ. ఆఫీసులో లెగిసినట్టే. చేతిలో కర్రుంది గనక సరిపోయింది, లేపోతే దణ్ణం కూడా ఎట్టెద్దురు."

నాయుడు గారు చేత్తో నడుం తడుముకున్నారు. ఆ దగ్గు గుమ్మంలో వినపడగానే ఉద్యోగమంతా లేచిన నడుం అది. రిటైరైన సంగతి దానికెవరూ చెప్పలేదు.

మర్నాటి నుంచి సాధన మారింది. ఆయన నాకు ఆని వంగేవారు. కర్ర కిందికి దిగే వేళకి సత్యవేణి గారు వెనకనుంచి దగ్గేవారు, అచ్చం దక్షిణామూర్తి గారిలా. ఆయన లేచేవారు. "మళ్లీ లెగిసారు," అనేవారావిడ. పాపం, ఆవిడకి గొంతు పోయింది. ఆయన రాపిడికి నా మీద రాసింది కూడా పోయింది. ఆ తెల్లరంగంతా ఆయన ప్యాంటుకెక్కింది. ఎవరూ గమనించలేదు.

మళ్లీ శనివారం. ఆఖరి గుంతకి బంతి కొట్టే చోటు మా సాధన స్థలం పక్కనే. అప్పటికి ఇద్దరూ సమానం. కోచ్, సత్యవేణి గారు పక్కన గడ్డి మీద కూర్చుని చూస్తున్నారు. దక్షిణామూర్తి గారు ముందు కొట్టారు, బాగానే పడింది. నాయుడు గారి వంతు వచ్చింది. ఆయన వంగారు. దక్షిణామూర్తి గారు మోకాళ్లు నొప్పని నన్ను లాక్కుని, ఆయన వెనక కాస్త దూరంలో వేసుకుని కూర్చున్నారు. ఎన్నాళ్లకో ఒక మనిషి! నాకు ఒళ్లు పులకరించింది. అదే పొరపాటు.

కర్ర పైకి లేచింది. దక్షిణామూర్తి గారు దగ్గారు. దగ్గు బరువుకి నా కాలు పుటుక్కుమంది. ఆయన ధబ్బున నేలమీద పడ్డారు. కోచ్ ఎగిరి లేచాడు. సత్యవేణి గారు లేచారు. కంచె మీద కాకులు లేచాయి.

నాయుడు గారు లేవలేదు.

బంతి ఠప్పుమని వెళ్లి, గుంతలో పాతిన జెండా పక్కన పడి దొర్లుతోంది.

"నాయుడూ! ఏం చూస్తున్నావయ్యా, లేపు నన్ను!"

నాయుడు గారు వంగినవారు వంగినట్టే ఉండి, మెడ ఒక్కటి అటు తిప్పి బంతినే చూస్తూ అన్నారు: "ఉండండి సార్. బంతి ఆగనివ్వండి."

సార్‌ని ఉండమనడం ఆయన జన్మలో అదే మొదలు. బంతి ఆగాక వెళ్లి లేపారు. దుమ్ము కూడా దులిపారు. తర్వాత వెళ్లి, దక్షిణామూర్తి గారికి రెండు దెబ్బలు పట్టిన చోట, ఒక్క దెబ్బకి బంతి గుంతలో వేసి గెలిచారు.

నేనిప్పుడు స్టోర్ రూమ్ వెనక పాత సామాను కుప్పలో, గోడకి ఆని ఉన్నాను. నా ఉద్యోగానికి నీలం కుర్చీ వచ్చింది. నాయుడు గారు కర్ర అటకెక్కించలేదు. శనివారం ఆటకి ముందు ఇటువైపు వస్తారు. ఎవరూ చూడ్డం లేదు కదా అని నాలుగు వైపులా చూసుకుంటారు. వెనక్కి తిరిగి, నడుం కాస్త వంచి, నాకు ఆనుతారు. దూరంగా దక్షిణామూర్తి గారి దగ్గు వినిపిస్తుంది.

ఆయన ఇంకాసేపు అలాగే ఉంటారు.