తిప్పని నాలుగు డిగ్రీలు

కొండల మీది ఎల్ ఆల్టో ఊళ్ళో జెనోబియో కయ్యిసాయా షెడ్డు నుంచి బయటికెళ్ళిన ఏ బండీ నాకింగ్ కొట్టదు, అంటే ఇంజన్ లోపల టకటక మోగదు. ముప్పై ఏళ్ళుగా ఆయన మీసం మెలేసి చెప్పుకునే మాట అదొక్కటే. ఆ గొప్ప నీ చేతిది కాదు మేస్త్రీ, గాలిది అని ఎవరైనా అంటే మీద పడి కరిచేవాడు. నిజం మాత్రం అదే. నాలుగు వేల మీటర్ల ఎత్తున గాలి పలచన. ఇంజన్‌కి సగం పైన కాస్త కడుపు నిండితే గొప్ప. పిస్టన్ ఎంత నొక్కినా లోపల నొక్కడానికి సరుకే తక్కువ. అక్కడ ఎనభై అయిదు ఆక్టేన్ పెట్రోలు పోసి, నిప్పురవ్వ పడే టైమింగ్ ఎంత ముందుకు జరిపినా ఇంజన్ కిక్కురుమనదు.

ఆక్టేన్ అంటే పెట్రోలుకున్న ఓపిక, ఇంకేం లేదు. ఎంత నొక్కినా నిప్పురవ్వ పడేదాకా ఆగి మండితే ఓపికున్నట్టు. ఆగలేక తనంతట తానే భగ్గుమంటే లేనట్టు. ఆ ఓపికకి పరీక్ష పెట్టే చిక్కటి గాలి జెనోబియో ఊళ్ళో లేదు, ఆయన ఊరు దాటి పని చేసింది లేదు.

అల్లుడు ఫెర్మీన్ అలాంటి గాలిలో పుట్టినవాడే. కింద లోయలో కరనావి వాడిది. ఏటా జరిగే రెండు రోజుల కార్ల పందెంలో మావయ్య తయారుచేసిన రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు వాడే నడుపుతాడు. పక్క సీట్లో బెనీతా, జెనోబియో కూతురు, మలుపులు రాసుకున్న పుస్తకం ఒళ్ళో పెట్టుకుని “ఎడమ, గట్టిగా, తర్వాత లోయ” అంటూ చదువుతుంది. మొదటి రోజు కనుమ మీద నుంచి కరనావికి దిగడం. రెండో రోజు అదే దారిలో ఎక్కడం. కిందటేడు పదకొండు సెకన్ల తేడాతో పోయింది. గెలిచిన బండి కరనావి మెకానిక్ ఇలారియోన్‌ది. ఆ పదకొండు సెకన్లు ఏడాది పొడుగునా జెనోబియోకి అన్నం సహించనివ్వలేదు. లోపల నొక్కుడు పెరగాలని ఇంజన్ హెడ్డు అరగదీశాడు, టైమింగ్ ఇంకాస్త ముందుకు జరిపాడు.

“మావయ్యా, మా ఊరి గాలికి ఇది తట్టుకోదు. ఒక్క నాలుగు డిగ్రీలు వెనక్కి తిప్పండి,” అన్నాడు ఫెర్మీన్ బయల్దేరే ముందు. “లేదంటే తొంభై అయిదు ఆక్టేన్‌ది రెండు క్యాన్లు వెంట తీసుకెళ్దాం.”

“ఓహో! కోకా ఆకులు ఎండబెట్టుకునేవాళ్ళు నాకు టైమింగ్ నేర్పడానికి తయారయ్యారా?” అన్నాడు జెనోబియో. “స్టీరింగ్ నీది, ఇంజన్ నాది. నోరు మూసుకుని తోలు అల్లుడూ.”

బెనీతా నవ్వింది. “మీరిద్దరూ కొట్టుకుంటూ కూర్చోండి, బండి నేనే తోలుకుపోతాను.”

జెనోబియో నాలుగు చక్రాల మీదా భూమితల్లికి నాలుగు చుక్కల సారా చిలకరించి, కూతురి నుదుటి మీద ముద్దు పెట్టి పంపించాడు. తను స్నేహితుడి జీపులో వెనకే దిగాడు.

మధ్యాహ్నం కరనావిలో బండ్లన్నిటినీ బడి మైదానంలో పెట్టించారు. మెకానిక్‌లకి బండి మీద పని చేసుకోవడానికి అరగంట టైమిచ్చారు. జనం తాడు అవతల నిలబడి చూస్తున్నారు. బెనీతా కారు దిగీ దిగగానే తండ్రిని పక్కకి లాగింది.

“నాన్నా, ఇది మోగుతోంది. ఆఖరి ఊరి దగ్గర చిన్న ఎత్తు ఎక్కినప్పుడు, మూకుడులో మొక్కజొన్న పేలినట్టు.”

జెనోబియో ఇంజన్ స్టార్ట్ చేసి గట్టిగా రేజ్ చేశాడు. మోగింది. ముప్పై ఏళ్ళలో తన ఇంజన్‌లో ఆ చప్పుడు వినడం ఆయనకదే మొదటిసారి. పానా తీసి, టైమింగ్ మార్చే డిస్ట్రిబ్యూటర్ కింది నట్టు మీద పెట్టాడు. నట్టు వదులు చేసి, నాలుగు డిగ్రీలు తిప్పి, మళ్ళీ బిగించడానికి రెండు నిమిషాలు చాలు.

“వెనక్కి తిప్పు మేస్త్రీ, సిగ్గుపడకు!” తన బండి దగ్గర నుంచి ఇలారియోన్ అరిచాడు. “పైన మీరంతా సన్న గాలి పీల్చుకుని బతుకుతారు. ఇక్కడ గాలికి పళ్ళుంటాయి. పెట్రోలు కావాలా? తొంభై అయిదుది రెండు క్యాన్లు మిగిలాయి, ఊరికే ఇస్తా. అల్లుడి ఊరికి వచ్చావు, మర్యాద చేయాలిగా!”

తాడు అవతల జనం గొల్లుమన్నారు.

ఇలారియోన్ ఎగతాళి చేశాడు గానీ క్యాన్లు నిజంగానే ఎత్తి చూపించాడు. పాపం అతను ఇచ్చేవాడే. జెనోబియోకి క్యాన్లు కనబడలేదు, నవ్వులే వినబడ్డాయి. నాలుగు డిగ్రీలు తిప్పితే ఇంజన్ లాగుడు తగ్గుతుంది. తగ్గితే మళ్ళీ పదకొండు సెకన్లు. లెక్క వేసుకున్నాడు. మోత ఇక్కడ, కింది నలభై కిలోమీటర్ల దాకానే. ఆ పైన గాలి పలచబడుతుంది, మోత దానంతటదే ఆగిపోతుంది. నలభై కిలోమీటర్లు ఓర్చుకోలేదా నా ఇంజన్? ఆ లెక్కలో తప్పేమీ లేదనిపించింది. పానాతో నట్టుని ఊరికే తట్టి, గుడ్డతో తుడిచి, బానెట్ దించేశాడు.

బెనీతా వేయించిన అరటికాయ ముక్కలు పొట్లంలో తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. “తిప్పావా నాన్నా?”

“తిప్పాను.”

“నిజంగా?”

“నా మీద నమ్మకం లేదూ నీకు?”

“లేకపోతే ఆ డొక్కు బండిలో కూర్చుంటానా?” అంది బెనీతా, ఆయన భుజం మీద ఒకటి చరిచి.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నిమిషానికొక బండిని వదిలారు. పదహారో బండి ఇలారియోన్‌ది, పదిహేడు వీళ్ళది. అప్పటికే ఎండ చురచురలాడుతోంది. మట్టిరోడ్డు మీద ఒక బండి రేపిన దుమ్ము అణగకముందే ఇంకోటి దూరుతోంది. జెనోబియో చావడి అరుగు మీద కూర్చుని రేడియో చెవికి ఆనించుకున్నాడు.

పదో కిలోమీటరు దగ్గర పదిహేడు ఇలారియోన్ బండి కంటే ఆరు సెకన్లు ముందుందని చెప్పారు. జెనోబియో అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర తొమ్మిది సెకన్లు. “అదీ!” అని గట్టిగా అరిచేశాడు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర పదిహేడు పేరు చదవలేదు. పద్దెనిమిది పేరూ చదవలేదు. తర్వాత పందెం ఆపేశారని చెప్పి రేడియోలో పాటలు వేశారు.

జీపులో ఎలా వెళ్ళాడో ఆయనకి తెలియదు. ఇరవై ఆరో కిలోమీటరు మలుపులో కారు రోడ్డు మధ్యలో ఆగిపోయి ఉంది. గీత కూడా పడలేదు. బానెట్ సందుల్లోంచి ఇంకా నీలం పొగ వస్తోంది. పిస్టన్‌కి బొక్క పడితేనే అలాంటి పొగ వస్తుంది. లోపల ఏం జరిగిందో ఆయనకి బానెట్ ఎత్తకుండానే అర్థమైంది.

ఈ పందెంలో ఒక కట్టుబాటుంది. మలుపులో బండి ఆగిపోతే పక్క సీటు మనిషి ఎర్రగుడ్డ పట్టుకుని వెనక్కి పరుగెత్తాలి, వచ్చే బండిని ఆపాలి. డ్రైవర్ బండిని పక్కకి తొయ్యాలి. బెనీతా గుడ్డ పట్టుకుని దుమ్ములోకి పరుగెత్తింది. పద్దెనిమిదో బండి ఆ దుమ్ములోంచే వచ్చింది.

రోడ్డు పక్కన ఆమె మీద ఎవరిదో దుప్పటి కప్పి ఉంది. తల దగ్గర ఫెర్మీన్ కూర్చున్నాడు. జెనోబియో దుప్పటి తీసి చూసి, మళ్ళీ కప్పి, అక్కడే కూలబడ్డాడు.

ఫెర్మీన్ ఆయన వైపు తిరిగాడు. “తప్పు నాది మావయ్యా. మొదటి నుంచీ మోగుతూనే ఉంది. నేను రెండుసార్లు యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. ‘ఎందుకు తీస్తావు, నాన్న తిప్పాడు, అది ఇంకేదో చప్పుడు, తొక్కు’ అంది బెనీతా. నేను వినకుండా ఉండాల్సింది. మీ కూతుర్ని మీకు... నన్ను క్షమించండి మావయ్యా.”

ఆయన రెండు చేతులూ పట్టుకుని వాడు ఏడ్చాడు.

ఊరుకుంటే సరిపోయేది. ఇంజన్ కాలిపోయింది, బెనీతా ఇక చెప్పదు, టైమింగ్ గురించి అడిగేవాడు లేడు. అల్లుడు తప్పు తన నెత్తిన వేసుకుని క్షమాపణ కూడా అడుగుతున్నాడు. ఆ దారి జెనోబియోకి కనబడింది. సిగ్గులేని మనిషి, కూతురి శవం పక్కన కూర్చుని కూడా ఆ దారివైపు ఒక నిమిషం చూశాడు.

“నేను తిప్పలేదు ఫెర్మీన్,” అన్నాడు.

“ఏంటి?”

“పానా పెట్టాను. తిప్పలేదు. తిప్పానని దానికి అబద్ధం చెప్పాను.”

ఫెర్మీన్ కొట్టలేదు, అరవలేదు. పట్టుకున్న చేతులు వదిలేశాడు. దుప్పటి అంచు బెనీతా పాదాల దగ్గర తొలగి ఉంటే జెనోబియో సర్దబోయాడు. ఫెర్మీన్ ఆ చెయ్యి పక్కకి నెట్టి తనే సర్దాడు.

“అత్తయ్యకి ఫోన్ చేయించాను. దెబ్బ తగిలిందని మాత్రమే చెప్పించాను. బస్సెక్కింది,” అన్నాడు. “ఈ మాట ఆమెకి నువ్వే చెప్పాలి. నా ముందర చెప్పాలి.”

పెళ్ళైన ఆరేళ్ళలో వాడు ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

నాలుగింటికి బస్సు, బెనీతాని చేర్చిన కరనావి ఆసుపత్రి ముందు ఆగింది. జెనోబియో భార్య సిప్రియానా చేతిలో మూటతో దిగింది. కూతురికి రెండు జతల బట్టలు, ఉన్ని దుప్పటి, సీసాలో చారు తెచ్చింది. అల్లుడి మొహం చూడకుండా సూటిగా భర్త దగ్గరికి వచ్చింది.

“ఎక్కడ తగిలింది? మాట్లాడుతోందా?”

జెనోబియో ఆమె చేతిలోంచి మూట అందుకున్నాడు. ఫెర్మీన్ పక్కన వచ్చి నిలబడ్డాడు. నిన్న మైదానంలో నట్టు మీద పానా పెట్టిన దగ్గర్నుంచి ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.