నేల తడవని లీకు

మా పికప్ బండికి పన్నెండేళ్లు. దాని వెనక పాలకూర, తోటకూర, కొత్తిమీర కట్టలు నింపుకొని మా కోడలు స్వప్న ఇబ్రహీంపట్నం నుంచి నగరం మార్కెట్టుకు నడుపుతుంది. అవును, కోడలే. మా అబ్బాయి ధర్మేందర్‌కు నడుము పట్టేసిన ఏడాది ఆమె స్టీరింగ్ పట్టుకుంది. వాడి నడుము బాగైంది కానీ ఆమె స్టీరింగ్ వదల్లేదు. నాకది మహా ముచ్చట. నా కాలంలో సైకిల్ వెనక కూర్చోవడానికే మా అత్తగారిని అడగాల్సి వచ్చేది.

ఈ చలికాలం బండికి కొత్త రోగం పట్టింది. రేడియేటర్‌లో పోసిన కూలెంట్ రెండు రోజులకే సగానికి దిగిపోతోంది. కిందికి వంగి చూస్తే నేల మీద చుక్క లేదు. మొన్న మంగళవారం కందుకూరు నుంచి నారు తెస్తుంటే బానెట్ కింద నుంచి ఆవిరి లేచి, స్వప్న గంటసేపు రోడ్డు పక్కన నిలబడిపోయింది.

ఇంటికి రాగానే ధర్మేందర్ అందుకున్నాడు.

"నీళ్లు చూసుకోకుంట నడిపితే గిట్లనే అయితది. ఇంజన్ కాలబెడ్తవా ఏంది?"

"రోజు పొద్దుగాల చూసుకుంటనే ఉన్న. పోసినయి యాడికి పోతున్నయో నన్నడుగుతవేంది? బండినడుగు."

"ఐతారం దాక చూస్త. లీకు దొరికిందా, సరే. దొరకలేదా, తాళంచెవి నాకియ్యి. నువ్వు నడిపింది చాలు."

ఆ పూట స్వప్న అన్నం కలిపింది గానీ ముద్ద నోట్లో పెట్టలేదు.

ఆదివారం మెకానిక్ జానయ్య వచ్చాడు. గోనెసంచి పరుచుకొని బండి కింద దూరాడు, పైకొచ్చాడు, మళ్లీ దూరాడు.

"కింద అంత సాఫ్‌గ ఉన్నదన్నా. ఇంజన్ లోపట్నే తాగుతున్నట్టుంది. విప్పి చూడాలె."

ధర్మేందర్ స్వప్న వైపు చూశాడు. ఆమె కొంగుతో అద్దం తుడవడం మొదలుపెట్టింది, అది శుభ్రంగానే ఉన్నా.

అప్పుడు నాకు మా అమ్మ కాశమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ కుండ కొంటే కుమ్మరికి చెమటలు పట్టేవి. నిండా నీళ్లు పోయించి, బయట పొడిగుడ్డతో తుడిచి, చుట్టూ బూడిద చల్లి కూర్చునేది. కంటికి కనబడని పగులైనా సరే, బూడిద అక్కడ నల్లబడేది.

"జానయ్యా, కుండకు కారుడు ఎట్ల పడ్తరో ఎరికేనా?"

"పెద్దమ్మా, ఇది కుండ కాదే, ఇంజన్!"

"నీళ్లు పోసేదేదైనా కుండనే తియ్. చల్లగున్నప్పుడు చూస్తే ఏం దొరుకుతది? జర గరం చెయ్."

నవ్వుతూనే బండి స్టార్ట్ చేశాడు. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, పైపులన్నీ తుడిచాడు. నేను లోపలికి వెళ్లి ముగ్గుపిండి డబ్బా తెచ్చాను.

"బెల్టు మీద పడనియ్యకు పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత!"

ముగ్గు వేసే చేయి నాది, గింజ కూడా పక్కకు పోనివ్వలేదు. పైపులన్నీ తెల్లగా అయ్యాయి. నలుగురం బానెట్ చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి రేడియేటర్ పై పైపు అడుగున పిండి తడిసి ముద్దయింది. జానయ్య అక్కడ వేలు పెట్టి, ఒక సన్నటి ఇనుప తీగను పట్టి లాగాడు. అది రబ్బరులోకి కోసుకుపోయి ఉంది.

"దీన్తోనే గాటు పడ్డది. వేడెక్కితే సన్నగ చిమ్ముతుంది, ఇంజన్ మీదనే ఆవిరైతుంది. ఇంగ కిందికేం కారుతది? నేనేమో ఎవరో మిస్త్రీ కట్టిండనుకున్న. ఎవలు కట్టిన్రు దీన్ని?"

తీగ చివర ఎండి నల్లబడ్డ మిరపకాయ తొడిమె ఒకటి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. దసరాకు నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి నేనే కట్టాను. ఆడపిల్ల బండి నడుపుతుంటే మార్కెట్టులో అందరి కళ్లూ ఆమె మీదే. ముందు కడితే గుంతల్లో రాలిపోతుందని, లోపల పైపుకు బిర్రుగా బిగించాను.

ధర్మేందర్ స్వప్నను చూశాడు. "నువ్వేనా?"

ఆమె తొడిమెను చూసింది, నన్ను చూసింది.

"అవ్. నేనే."

"అబద్ధం!" అన్నాను. "నేను కట్టిన బిడ్డా. దానికి దిష్టి తగులుతదని కట్టిన. తిట్టేదుంటే నన్ను తిట్టు. దాని తాళంచెవి జోలికి పోయినవంటే ఊరుకోను."

వాడు ఆ తొడిమెను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత బంపర్ మీద కూలబడి, భుజాలు ఊగేలా నవ్వాడు.

"దిష్టి సంగతేమో గనీ అమ్మా, ఇంజన్ పాణమే తీస్తుంటివి గద!"

స్వప్న నవ్వలేదు. "గిప్పుడేమంటవ్?"

"ఏమంట? పొరపాటయింది. రేపటిసంది నువ్వే నడుపు."

"ఉత్తగ నడుపు అంటే కాదు. రేపు నా పక్కన కూసో. ఇంజన్ గరమైతుందా లేదా సూది చూస్కుంట రా."

జానయ్య పైపు మార్చి, కూలెంట్ నింపి వెళ్లాడు. మర్నాడు ఇద్దరూ కలిసే బయలుదేరారు. పొద్దు పొడుస్తుండగా ధర్మేందర్ ఫోన్ చేశాడు.

"అమ్మా, నాదర్‌గుల్ దాటినం. సూది సగం కాడనే ఉన్నది."

పక్క నుంచి స్వప్న గొంతు వినబడింది. "సూది సంగతి చెప్పుడు ఇది నాలుగోసారి అత్తమ్మా! జర నువ్వన్న చెప్పు, నన్ను నిమ్మలంగ నడపనియ్యమని."