చిన్న పిడి

గాలి. కోత అయిపోయిన పొద్దుతిరుగుడు మోళ్ల మీదుగా, కెనడా వైపు నుంచి, చెవులు కోసేసే గాలి.

నార్త్ డకోటాలో నవంబరంటే ఇంతే.

కారు అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాను. బయట ఫైరింగ్ రేంజ్. ఒళ్లో పిస్తోలు. దాని పిడి నా చేతికి పెద్దది.

పెద్దది... అంతే. నేను చేసిన నేరమేమీ లేదు.

ఇరవై రెండేళ్లుగా ఈ కౌంటీలో షెరిఫ్ డెప్యూటీని. తాగి తూలే మొగుళ్ల చేతుల్లోంచి కత్తులు లాక్కున్నాను. మంచు తుపానులో, గస్తీ కారు వెనక సీట్లో, ఒకామెకి కాన్పు చేశాను. పాత పిస్తోలుతో ప్రతి ఏడూ గురి పరీక్ష గట్టెక్కాను.

ఈ ఏడు కొత్తవి వచ్చాయి. వీటికి పిడి మార్చుకోవచ్చు — చిన్నది, మధ్యరకం, పెద్దది. ఎవరి చేతికి తగ్గది వాళ్లకి. అందుకే కొన్నామని పేపర్లో కూడా వేయించుకున్నారు.

ఇచ్చింది మాత్రం అందరికీ మధ్యరకమే.

నా వేలి కొస ట్రిగ్గర్‌ని ముట్టుకుంటుంది, అంతే. లాగబోతే గొట్టం ఎడమకి జరుగుతుంది. ప్రతిసారీ ఎడమకే. నూటికి ఎనభై రావాలి. మొదటిసారి డెబ్బై నాలుగు. రెండోసారి డెబ్బై ఆరు. ఇవాళ మూడోసారి, ఆఖరిసారి. తప్పితే బ్యాడ్జి ఇచ్చేసి ఇంటికి పోవడమే.

అడగలేదా? అడిగాను. తుపాకులన్నీ సార్జెంట్ డ్వేన్ కిటెల్సన్ చేతి కింద ఉంటాయి.

"చిన్న పిడి ఒకటి ఇప్పించండి, సార్జెంట్."

"ఒకరికి చిన్నది, ఒకరికి పెద్దది... ఇది షెరిఫ్ ఆఫీసా, చెప్పుల కొట్టా?"

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిన్న పిడి నేనే కొనుక్కున్నాను. మా తమ్ముడి పచ్చిక బీడులో, గడ్డిమోపుకి కాగితం గుచ్చి కాల్చాను. ఎడమ లేదు. కుడి లేదు. అన్నీ నడిమధ్యన.

ఇప్పుడది పక్క సీట్లో ఉంది.

పిస్తోలు ఖాళీ చేశాను. పైభాగం జారింది. పిన్ను వచ్చేసింది. లోపల్నుంచి ఇనుప ముక్క లేచింది — అరచేతిలో ఇమిడేంత. చట్టం లెక్కలో పిస్తోలంటే అదే. నంబరు ఉండేది దాని మీదే. మిగతాదంతా, పిడితో సహా, ఒట్టి తొడుగు.

తొడుగు మారినంత మాత్రాన పిస్తోలు మారదంటుంది చట్టం. మా ఆఫీసు రూలు వేరు. మారిస్తే ఉద్యోగం పోతుంది. మార్చకపోయినా పోతుంది.

మార్చాను.

రెండూ నల్లవే. ఎవరూ కనిపెట్టలేదు.

తొంభై ఆరు.

కిటెల్సన్ నా టార్గెట్ కాగితం చించి పైకెత్తి అందరికీ చూపించాడు. "చూశావా మార్లిస్? తుపాకీదేం తప్పు లేదని ఆ రోజే చెప్పాను. లోపమంతా నీ బుర్రలోనే ఉంది!"

వీపు మీద చరిచాడు.

చెయ్యి చాపి పిడి చూపిస్తే చాలు. ఇదిగో, ఇదీ సంగతి అంటే చాలు...

"థాంక్స్, సార్జెంట్," అన్నాను.

కార్లో కూర్చుని మళ్లీ మధ్యరకం తగిలించాను. సోమవారం తుపాకుల తనిఖీ. రోజూ రోడ్డు మీద నాతో తిరిగేది అదే. ఫైల్లో తొంభై ఆరు. నడుం మీద డెబ్బై ఆరు.

నా టార్గెట్‌ని కిటెల్సన్ తుపాకుల గది తలుపుకి అంటించాడు. కింద లావు అక్షరాలు — మార్లిస్ హాగెన్, మధ్యరకం పిడి, 96.

మార్చిలో టోవా బ్రెక్కె డెప్యూటీగా చేరింది. పాతికేళ్లు కూడా లేవు. మొదటి పరీక్షలో డెబ్బై మూడు. చిన్న పిడి కావాలని కిటెల్సన్‌ని అడిగింది.

ఆయన తలుపు మీదున్న నా టార్గెట్ చూపించాడు.

మర్నాడు కాఫీ గదిలో నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మార్లిస్, ఒక్కసారి మీ చెయ్యి ఇటివ్వండి."

అరచేతికి అరచెయ్యి ఆనించింది. వేళ్లు సమానం. నావే కాస్త పొట్టేమో.

"నా చెయ్యంతే ఉందిగా! మరెలా కొట్టారండీ బాబూ?"

అనుమానం కాదు. ఆ కళ్లలో ఉన్నది ఆశ. అనుమానమైనా బాగుండేది.

చెప్పొచ్చు. చెబితే ఆ అమ్మాయికి పిడి వస్తుందో రాదో... నా బ్యాడ్జి మాత్రం పోతుంది.

"సాధన చెయ్యి," అన్నాను.

"ఎంత చెయ్యాలి?"

"ఇంకా."

తల ఊపింది. నమ్మేసింది.

ఆ మధ్యాహ్నమే రేంజ్‌కి వెళ్లింది. కిటికీ మూసినా వినిపిస్తూనే ఉంది. ఒకటి... ఇంకొకటి... మరొకటి...

అన్నీ ఎడమకే పోతున్నాయి. చూడక్కర్లేదు. నాకు తెలుసు.