పులుసు మీద వేసిన నింద

పొద్దు వాలేవేళ సెర్వా తలమీద మూతపెట్టిన గిన్నెతో వీధిలోకి వచ్చిందంటే, ఎక్కడికని ఎవరూ అడగరు. భర్త ఇంటికే. కుమాసీలో పాత పద్ధతి వదలని కుటుంబాల్లో పెళ్లయ్యాక కూడా ఆడది తన తల్లి ఇంట్లో, మగవాడు తన తల్లి ఇంట్లో ఉంటారు. మధ్యలో నడిచేది ఆ గిన్నె. గిన్నె వెళుతున్నంత కాలం కాపురం ఉన్నట్టు. ఆగిపోయిందంటే, ఆ సంగతి ఊరంతటికీ వేరే చెప్పాల్సిన పని లేదు.

సెర్వా భర్త బోఆచీ కలప లారీ నడుపుతాడు. లావుపాటి మెడ, దుంగలాంటి మనిషి. ఆ సాయంత్రం ముంగిట్లో పీట మీద కూర్చుని, దుంపలు దంచి చేసిన ఫుఫు ముద్ద తుంచి పులుసులో ముంచాడు. ముంచిన చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. తల గుండెల మీదికి వాలింది. గురక మొదలైంది.

ఆ ఇంటి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. బోఆచీ అక్క పొకువా మాత్రం నవ్వలేదు.

"ఏమే సెర్వా, ఇవాళ ఇందులో ఏం కలిపావే?"

"వేరుశనగలు, ఎండుచేప, మిరపకాయలు. మీరూ కాస్త రుచి చూడండి వదినా."

"నేనా? నేనూ పడిపోతే నా తమ్ముడికి కాపలా ఎవరే?"

"మీ తమ్ముడు కూర్చున్నచోటల్లా నిద్రపోతాడు. అడితీలో నిద్రపోతాడు, చర్చిలో నిద్రపోతాడు. పాదిరీగారు కూడా ఆయనకు నా పులుసే పోస్తున్నారా?"

"నోరు చూడు దీనిది! మత్తుమందు దంచే చేతికి మాటలు కూడా బాగానే వస్తాయి."

సెర్వా గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. వెనక పొకువా ఉమ్మిన చప్పుడు వినిపించింది.

అమ్మలారా, అయ్యలారా, చెయ్యి పులుసులో పెట్టుకుని నిద్రపోయిన మగవాణ్ని చూసి మీరూ నవ్వే ఉంటారు. గురక అంటే మనకు వేళాకోళం. గట్టిగా గురకపెడితే ఒళ్లెరగని నిద్ర పట్టిందని, కడుపు నిండిందని మురిసిపోతాం. పగలు కునికితే సోమరి అంటాం. ఆ తర్వాత, నింద మోపడానికి ఒక ఆడది దొరికితే ఇంకేమీ వెతకం.

ఆ ఏడాదే పెద్దాసుపత్రి నుంచి డాక్టర్ ఫ్రింపొమా కలప అడితీకి వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు మీద ఆమె పరిశోధన చేస్తోంది. డ్రైవర్ల మెడ చుట్టుకొలత తీసింది, రక్తపోటు చూసింది. నిద్రలో ఊపిరిని నమోదు చేసే పెట్టెలు ఆమె దగ్గర కొన్నే ఉన్నాయి. అందుకని ముందుగా భార్యల్ని పిలిచి ఒక ప్రశ్న అడిగి, అవునన్నవాళ్ల ఇళ్లకే పెట్టె పంపుతోంది.

"నిద్రలో మీ ఆయన ఊపిరి ఆగిపోవడం ఎప్పుడైనా విన్నావా?"

"లేదమ్మా, ఎప్పుడూ వినలేదు," అంది సెర్వా.

అబద్ధం కాదు. ఆమె భర్త ఇంట్లో ఏనాడూ రాత్రంతా ఉండింది లేదు; చంటిపిల్ల పుట్టాక ఆ కాసేపు ఉండటం కూడా మానేసింది. నువ్వెక్కడ పడుకుంటావని డాక్టరు అడగలేదు. అడగని సంగతి సెర్వా చెప్పలేదు. బోఆచీ పేరు పక్కకు పోయింది.

వానలు మొదలైన కొత్తలో బోఆచీ లారీ దుంగలతో సహా రోడ్డు దిగి కోకో తోటలోకి దూసుకుపోయింది. బ్రేకు వేసిన గుర్తే లేదు. పక్కసీటు రేకుడబ్బాలా నలిగిపోయింది. ఆ రోజు క్లీనరు జ్వరంతో రాలేదు, అందుకే ఒక తల్లి కడుపు నిలిచింది. బోఆచీ నుదుటి మీద కుట్లతో ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం సెర్వా గిన్నెను పొకువా గుమ్మంలోనే ఆపి, మూత కూడా తీయకుండా తిప్పి పంపింది. మర్నాటి నుంచి తమ్ముడికి తానే వండింది. కుటుంబాన్ని పంచాయితీకి పిలిచింది.

బోఆచీ తల్లి అచియా ముంగిట్లో అందరూ చేరారు. తల్లి తరఫు పెద్ద, బోఆచీ మేనమామ అంత్వి మధ్యలో కూర్చున్నాడు. ఆయన పక్కన చిన్న పళ్లెంలో తెల్లసుద్ద ఉంది. ఆ సుద్ద తీసి ఆడదాని భుజానికి పూస్తే పెళ్లి తెగినట్టే. సెర్వా ఆ పళ్లెం వైపు చూడకుండా ఉండాలని చూసింది. చేతకాలేదు.

"మామయ్యా, ఇది వాడికేదో పెడుతోంది," అంది పొకువా. "తిన్నవాడు తిన్నచోటే వాలిపోతున్నాడు. నేను చూశాను, పిల్లలు చూశారు. వాణ్ని రోడ్డు మీద చంపేదాకా ఊరుకోమంటావా?"

"నీ మాటేంట్రా?" అన్నాడు అంత్వి, మేనల్లుడి వైపు తిరిగి.

బోఆచీ తలెత్తలేదు. "నాకేం తెలుసు మామా? కూర్చుంటే కళ్లు మూసుకుపోతాయి. మత్తు పెడితే ఇలాగే ఉంటుందంటున్నారు అందరూ."

"అందరూ సరే. నువ్వూ అంటున్నావా?" అని అడిగింది సెర్వా.

అతను జవాబు చెప్పలేదు. బతికున్న మనుషులు విడిపోయేది సుద్ద పూసినప్పుడు కాదు, ఇలాంటి ప్రశ్నకు జవాబు రానప్పుడు.

సెర్వా తల్లి లేచింది. "నా కూతురు మందు పెట్టిందని రుజువు చూపించండి! మీ ఇంట్లో ఎలకలు చచ్చినా మా పొయ్యి మీదే పడతారా?"

"కూర్చోవమ్మా! ఎలకలకు కూడా మీ పులుసు పోయం," అంది పొకువా.

అరుపులు మొదలయ్యాయి. ఎవరి మాట ఎవరికీ వినపడని ఆ గోలలో, గోడకు ఆనుకున్న బోఆచీ నిద్రపోయాడు. గురక అరుపులను మించి లేచింది. ఒక్కొక్కరే నోళ్లు మూశారు.

సెర్వా పొకువా ముందుకు వచ్చి నిలబడింది.

"వదినా, పొద్దున ఆయనకు తిండి పెట్టిందెవరు?"

పొకువా చూపు తమ్ముడి మీదికి పోయింది.

"నిన్న? మొన్న? నా గిన్నె మీ గడప దాటి ఎన్నాళ్లయింది? ఇప్పుడు ఇది ఎవరి మందు?"

అంతలో గురక ఆగింది. తెగినట్టు ఆగింది. బోఆచీ ఛాతీ ఎగురుతోంది గాని నోట్లోంచి గాలి రావడం లేదు. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. చూపు ఆనని ముసలి అచియా ఒక్కతే చేతికర్ర ఎత్తి గోడ మీద ఠక్కుమని కొట్టింది. బోఆచీ పెద్దగా ఎగపీల్చి ఉలిక్కిపడి లేచాడు.

"అక్కా, ఎందుకు కొట్టావు?" అన్నాడు అంత్వి.

"కొట్టకపోతే వాడు తిరిగి రాడు కదరా."

"ఎక్కడి నుంచి?"

"నిద్రలో మనిషి ఆత్మ తిరగడానికి పోతుంది కదా. వీడిది మరీ దూరం పోతుంది, ఊపిరిని కూడా వెంటబెట్టుకుపోతుంది. నా గది వీడి గది పక్కనే. చప్పుడు ఆగగానే కొడతాను. ఏళ్లుగా కొడుతున్నాను. గోడకు గుంట పడింది, చూసుకో."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరడిగారు? ఆత్మ నిలకడలేనివాడని నలుగురికీ తెలిస్తే వాడి చేతికి లారీ ఇస్తారా?"

"అమ్మకు మతి తప్పింది," అంది పొకువా.

సెర్వా అంత్వి వైపు తిరిగింది. "మామయ్యా, డాక్టరమ్మ నన్నడిగింది ఇదే! ఊపిరి ఆగుతుందా అని. నేను లేదన్నాను. నేను ఇక్కడ పడుకుంటే కదా నాకు తెలిసేది!"

అంత్వి సుద్ద పళ్లెం మీద గుడ్డ కప్పాడు. "ముందు వీణ్ని ఆసుపత్రికి తీసుకుపో."

"పరీక్షలో ఏమీ లేదని తేలితే?" అంది పొకువా.

"అప్పుడు నా చేత్తో నేనే పూస్తాను."

ఆసుపత్రి పెట్టెను ఛాతీకి కట్టుకుని బోఆచీ తల్లి ఇంట్లోనే నిద్రపోయాడు. ఫలితం చూసిన ఫ్రింపొమా అన్నిటికంటే ముందు అతని లారీ తాళాలు యజమానికి వెనక్కి ఇప్పించేసింది. నిద్రలో అతని గొంతు వదులై గాలిదారి మూసుకుపోతోంది. మూసుకున్నప్పుడల్లా మెదడు అతన్ని తట్టి లేపుతోంది, ఆ సంగతి అతనికే తెలియదు. రాత్రంతా మంచం మీద ఉన్నా నిజానికి అతను నిద్రపోవడం లేదు. రక్తపోటు కూడా అందుకే మందులకు లొంగకుండా ఉండి ఉంటుందని చెప్పింది.

"మా ప్రశ్నే తప్పు," అంది డాక్టరు. "భార్య పక్కనే పడుకునే దేశాల్లో రాసిన ప్రశ్న అది. మా నాన్న కూడా నానమ్మ ఇంట్లోనే పడుకునేవాడు. నాకు తెలిసి కూడా అలాగే అడిగాను."

"ఆ ఒక్క ప్రశ్నకు నా కాపురం పోయేదమ్మా," అంది సెర్వా. డాక్టరు తలవంచుకుంది. సెర్వా ఫరవాలేదని అనలేదు.

నిద్రలో గాలిదారి మూసుకుపోకుండా, ముక్కుకు తొడుగుతో గాలి యంత్రం ఇచ్చారు. మొదట్లో బోఆచీ దాన్ని పీకి పారేశాడు. "ఏనుగు తొండం వచ్చిందిరా మా తమ్ముడికి!" అని పొకువా వీధి వినేలా ఎగతాళి చేసింది. అయినా సెర్వా వదల్లేదు. చంటిపిల్లను తల్లికి అప్పగించి, వదిన మొహం చిట్లింపుల మధ్యే ఆ ఇంట్లో రాత్రుళ్లు ఉండి, తొడుగు జారినప్పుడల్లా సరిచేసింది. వానలు వెనకబట్టేసరికి బోఆచీ మొహంలో తేట వచ్చింది. మళ్లీ పరీక్షించి, డాక్టరు సరేనన్నాకే లారీ ఎక్కాడు.

ఒక సాయంత్రం అతను పీట మీద కూర్చుని గిన్నె అడుగుదాకా తిన్నాడు, కళ్లు తెరిచే. తిన్నాక అన్నాడు, "సెర్వా, ఆ రోజు నువ్వడిగినదానికి జవాబు చెప్పలేదు. నువ్వే మత్తు పెట్టావని నేనూ అన్నాను. తప్పు చేశాను."

లోపలి నుంచి పొకువా గొంతు వినిపించింది. "పులుసులో ఉప్పు ఎక్కువైంది."

అంటే రుచి చూసిందన్నమాట. అంతకు మించి ఆమె నోట ఏనాడూ రాలేదు.

అంత్వి సుద్ద పళ్లెం తెప్పించి, సెర్వా భుజానికి పూయాల్సిన ఆ సుద్దను అక్క కర్రదెబ్బలకు గుంటపడ్డ గోడకు పూయించాడు. తర్వాత అడితీలో డ్రైవర్లనూ వాళ్ల తల్లులనూ భార్యలనూ కూర్చోబెట్టి, కొత్త ప్రశ్నతో వచ్చిన డాక్టరు పక్కన నిలబడి ఇలా అన్నాడు.

"గురకను చూసి నవ్వాం, నిద్రమత్తును చూసి ఆడదాన్ని తిట్టాం. ఒక ముసలిది గోడ కొడుతుంటే ఎందుకని అడగలేదు. ఇక మీద మీ ఇంట్లో ఎవరైనా పగలు కునికితే, వండిన ఆడదాని చేతులు వాసన చూడకండి. వాడి ఊపిరి వినేవాళ్లు ఎవరో కనుక్కుని, వాళ్లను వెంటబెట్టుకుని ఆసుపత్రికి రండి."