తలంటిన రోజున ప్రయాణం

నేను ఒక కుంకుడు గింజను. మనుషులకు కావలసింది నేను కాదు, నా మీది తొక్క. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, నురగ తీసి నెత్తిన పోసుకుంటారు. కంసాలి దానితో నగలకు మెరుగు తెస్తాడు. కాయను రాతితో చితక్కొట్టగానే నన్ను మాత్రం పక్కకు విసిరేస్తారు.

అడ్డతీగల దగ్గర కొండవాలున, ఒకే తొడిమకు అతుక్కున్న మూడు కాయల్లో పుట్టాను. చలి తగ్గే రోజుల్లో గెడకర్రతో దులిపి, ఎండబెట్టి, సంతలో నూకరత్నం బుట్టలో పోశారు.

నూకరత్నానికి పిల్లల్లేరు. ఆమె అక్క అప్పాయమ్మ, మొగుడు పోయాక రాయపూరు పనికి వెళుతూ నెలల పిల్లను ఆమె ఒళ్ళో పెట్టింది. ఆ పిల్లే వరాలు. ఇప్పుడు ఆరేళ్ళు. పిన్నినే అమ్మా అంటుంది. చితక్కొట్టిన కాయల్లోంచి నన్ను ఏరుకున్నది ఆ పిల్లే. నల్లగా నిగనిగలాడుతున్నానని గౌనుతో తుడిచింది. గుమ్మం రాతి మీద పరపరా రుద్ది, సుర్రుమంటున్న నన్ను పిన్ని మోచేతికి అంటించింది.

"ఓలమ్మో, కాల్చేసిందిరా నాయనో!" అని నూకరత్నం గంతేసింది.

మిగిలిన నురగలో ఆముదపాకు కాడలు ముంచి ఇద్దరూ బుడగలు ఊదేవారు. ఎవరి బుడగ ముందు పగిలితే వాళ్ళు ఓడినట్టు. నూకరత్నం కావాలనే ఓడేది.

అప్పుడు వచ్చింది అప్పాయమ్మ. "అక్కడ ఇల్లు కుదిరిందే. రేపు పొద్దుటి బస్సుకి నా పిల్లని తీసికెళ్ళిపోతాను."

నూకరత్నం కాదనలేదు. తెల్లారేసరికి మాత్రం వరాలుకి తలంటేసింది.

"తలంటిన రోజున ప్రయాణమేటక్కా? అరిష్టం కాదూ?"

అప్పాయమ్మ గొణుక్కుంటూ ఆగిపోయింది. మర్నాడూ తలంటు. "జిడ్డు వదల్లేదక్కా." మూడోనాడూ తలంటే. పక్కింటి మంగయమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

"ఏమే రత్నం, పిల్లకి తలంటుతున్నావా, తల ఊడబీకుతున్నావా?"

బుట్ట సగానికి వచ్చింది. మా తొక్కతో బస్సులు కూడా ఆపొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం వరాలు ఒళ్ళు పెనంలా కాలిపోయింది. ఒకటే దగ్గు.

"నా పిల్లని చంపైనా ఆపుకుందామనుకున్నావటే?" అంది అప్పాయమ్మ.

పొద్దున్నే అప్పాయమ్మ పిల్లను దుప్పట్లో చుట్టి ఎత్తుకుంది. "అమ్మా, నువ్వూ రా," అంది వరాలు.

"ఎనకాల బస్సుకి వస్తానమ్మా," అంది నూకరత్నం.

వరాలు గుప్పిట్లో ఉన్న నన్ను అప్పాయమ్మ లాగి, "ఈ చెత్తెందుకే?" అని పెంటకుప్ప వైపు విసిరేసింది.

ఇంట్లోవాళ్ళు ఊరెళితే, చేరినట్టు కబురు అందేదాకా వెనకున్నవాళ్ళు తల తడపకూడదు. తడిపితే అది చనిపోయినవాళ్ళ కోసం చేసే స్నానమవుతుంది. నూకరత్నం తడపలేదు. నెల తిరిగింది. జుట్టు అట్టలు కట్టింది. అప్పుడు కార్డు వచ్చింది. మంగయమ్మ చదివి వినిపించింది.

"కులాసాగా చేరాం. పిల్లకు నెమ్మదించింది. నువ్వు ఇటు రావద్దు. నిన్ను మరిచిపోవడం దానికిప్పుడిప్పుడే అలవాటవుతోంది."

మంగయమ్మ కార్డు ఆమె చేతికిచ్చి, "చేరారు కదే. ఇకనైనా తలంటుకో, కంపు కొడుతున్నావు," అంది.

"చేరింది అప్పాయమ్మ కూతురు వదినా. నా కూతురు ఇంకా దార్లోనే ఉంది."

పెంటకుప్ప పక్కన మట్టిలో సగం దిగబడి ఉన్నాను. ఆకాశం మబ్బు పట్టినప్పుడల్లా నాకు భయం. వాన పడితే మొలుస్తాను. మొలిస్తే కాయాలి. కాస్తే, ఏదో ఇంట్లో, ఎవరో ఎవరికో తెల్లారగట్లే తలంటుతారు.