జాబిలి కడుపులో కాపలా

నేను ఒక అయస్కాంతాన్ని. వేలెడంత ఉంటాను. ఫ్యాక్టరీలో నున్నగా తయారైనప్పుడు ఏ బడిపిల్లల చేతుల్లోనో ఆడుకుంటాననుకున్నాను. తీరా చూస్తే నా కాపురం ఆవు కడుపులో! ఆవు మేతను సరిగ్గా నమలకుండానే మింగేస్తుంది. దాంతోపాటు లోపలికొచ్చే మేకులూ ఇనుపతీగ ముక్కలూ కడుపు గోడ చీల్చుకుని పక్కనే ఉన్న గుండెలో దిగకుండా పట్టి ఉంచడం నా ఉద్యోగం.

మొదటి ఆవు ముసలిదై చనిపోయాక పశువుల డాక్టరు నన్ను తీసి, కడిగి, పలమనేరు దగ్గర డెయిరీ నడిపే మునెమ్మ ఆవు జాబిలి గొంతులో వేశాడు. అంతకుముందే మునెమ్మ చూడి ఆవొకటి గుండెలో తీగ గుచ్చుకుని ఆమె కళ్లముందే కూలిపోయింది. అప్పటినుంచి ఆమె గడ్డిని చేత్తో వెదికిగాని మేత వేసేది కాదు. అలా వెదికేటప్పుడు ఆమె గాజుల చప్పుడు లోపలున్న నాకు వినిపించేది.

నేనొచ్చిన కొన్నాళ్లకు ఆ చప్పుడు ఆగిపోయింది.

"తీగలేమన్నా పడుండాయేమో చూడమ్మా," అన్నాడు పాలేరు సిద్దప్ప.

"లోపల కాపలా ఉండాది గదప్పా! నీకేల భయం?" అంది మునెమ్మ.

భయం నాకు! మనుషులింతే, ఇంటికి తాళం కొన్నాక తలుపు వేయడం మరిచిపోతారు. రోజూ ఏదో ఒకటి వచ్చి నాకు అంటుకునేది. ఒళ్లంతా ముళ్లే. జాబిలి చూడిది. దూడ పెరిగేకొద్దీ చోటు ఇరుకై, ఆ ముళ్లతో సహా నేను గుండె వైపు ఒత్తుకుపోతున్నాను. పట్టు జారితే ఏంగాను?

ఒకనాడు గడ్డి కోసే మిషనుకు సిద్దప్ప కొత్త వైరు వేస్తుంటే, తుంచిన రాగితీగ ముక్క మేతలో కలిసింది. రాగి నా మాట వినదు. నా పక్కనుంచే జారిపోయి కడుపు గోడలో దిగింది. అరుద్దామంటే నాకు నోరేది?

జాబిలి మేత మానేసి, వీపు వంచి మూలిగింది. డాక్టరు పొట్ట దగ్గర దిక్సూచి పెట్టి చూశాడు. లోపల నేనున్నానని ముల్లు గిర్రున తిరిగింది.

"అయస్కాంతం ఉండాది గదా సార్, మళ్లీ దీనికేమైంది?" అంది మునెమ్మ.

"అది ఇనుమునే పట్టుకుంటుందమ్మా," అని ఆయన మత్తిచ్చి, డొక్క కోసి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. రాగితీగ బయటికొచ్చింది. వెనకే నేను, ఒళ్లంతా మేకులతో.

మునెమ్మ నన్ను చూసి బావురుమంది. "ఇన్నీ నేను పెట్టినవేనా?"

డాక్టరు నన్ను కడిగి మళ్లీ లోపల వేశాడు. "ఇది లేదనుకునే మేత పెట్టమ్మా."

జాబిలి బతికింది. దూడ కాలు ఇంకా నన్ను తంతూనే ఉంది. మేతవేళయితే గాజుల చప్పుడు కోసం కాచుకుంటాను, అది వినబడ్డాకే నా ప్రాణం కుదుటపడుతుంది. నిన్న సాయంత్రం కూడా వినబడింది.

ఈ పూట మేత లోపలికి వస్తోంది. గాజుల చప్పుడు వినబడలేదు.