కాలనీకి ఒక్క కాపీ

మా మరిది సూర్యం నవల అచ్చయ్యిందంటే టాటానగర్ రైల్వే కోటర్సులో తెలుగోళ్ళందరికీ పండగే. అయితే బెజవాడ పబ్లిషరు ముందే సెప్పేసేడు, మా ఊరికి పంపిన కాపీల కట్ట అమ్ముడైతేనే రెండో నవల ఏత్తానని. ఆ రెండోది అప్పటికే రాసేసి ట్రంకుపెట్లో దాసుకున్నాడు మావోడు.

తెలుగు పుస్తకాలకి మాకున్న కొట్టు ఒక్కటే, సాక్చి బజార్లో గణపతిరావు గారిది. ఎంత మంచి మనిషో ఆయన! సుట్టూ గిన్నెలూ గుడ్డలూ అమ్మేవోళ్ళు మేడలు కడతంటే, ఈయన బెజవాడ నుంచి రైల్లో పుస్తకాలు తెప్పించి వాటి దుమ్ము దులుపుకుంటా కూకునేవోరు. సూర్యం ఆ కొట్లో సదివి సదివే రచయితయ్యేడు. ఒక్కటి కొన్న పాపాన పోలేదు. ఆయన ఏనాడూ కసరలేదు, పైగా కూకోమని స్టూలేసేవోరు.

మా కోటర్సులో పద్ధతి ఒకటుంది. పత్రికైనా నవలైనా ఒకరి సేతిలో పడితే సాలు, లైన్లో ఇళ్ళన్నీ తిరిగేత్తది. సూర్యం నవలా అలాగే తిరిగింది. పక్కింటి జోగమ్మ సదివి ఏడిసింది. పోలరాజు ఇంజన్లోకి పట్టుకెళ్ళి బొగ్గుమసి సేసి తెచ్చేడు. మా ఇంటికొచ్చేసరికి అట్ట ఊడిపోయింది. మెచ్చుకోనోళ్ళు లేరు. సూర్యం కాలు నేల మీద ఆన్లేదనుకోండి.

ఇంక రెండో నవలకి ఢోకా లేదని, నన్నూ ఎంటబెట్టుకుని సాక్చి ఎళ్ళేడు. ఎళ్ళేసరికి గణపతిరావు గారు కట్ట కడతన్నారు. బెజవాడకి వాపసంట. ఒక్కటి తప్ప ఏదీ అమ్ముడవ్వలేదంట.

సూర్యానికి ఒళ్ళు తెలీలేదు. కోటర్సోళ్ళని నోటికొచ్చినట్టు తిట్టేడు. ఉత్తినే సదివేత్తారు, సిగ్గులేదన్నాడు. ఆఖరికి, ఆ ఒక్కటీ కొన్న మారాజెవరని అడిగేడు.

"నేనే బాబూ," అన్నారాయన తాడు ముడేత్తా. "కొత్తగా రాసినోడి పుస్తకం ఒక్కటైనా అమ్మకుండా ఎలా పంపీమంటావు? నేను సదివి జోగమ్మకిచ్చేను."

అంతే, ఇంకో మాట దెప్పలేదు. దెప్పున్నా బాగుండును. సూర్యం తను కూకునే స్టూలేపు సూసి తల దించేసుకున్నాడు. అలమారా కాడికెళ్ళి, శ్రీకాకుళం నుంచి ఎవరో కొత్తగా రాసిన నవలొకటి తీసి, జేబులో సెయ్యెట్టేడు. నా కళ్ళని నేనే నమ్మలేకపోయేను.

రిక్షాలో వత్తా, సదివేక నాకియ్యరా అన్నాను.

"లేదొదినా. నువ్వోటి కొనుక్కో."

నాకు ఒళ్ళు మండిపోయింది. రిక్షా ఎనక్కి తిప్పించేను. ఆ శ్రీకాకుళపోడిదీ కొన్నాను, కట్ట విప్పించి మావోడిదీ కొన్నాను. ఈ వారం కట్ట పంపకండి బాబూ అని మరీ సెప్పొచ్చేను.

ఇంటికొచ్చేక జోగమ్మ నా సేతిలో కొత్త పుస్తకం సూసి, ఒకపాలి సదివి ఇచ్చేత్తానంది. కొట్టు సాక్చిలో ఉంది, ఎళ్ళమన్నాను.